గోడ మీద సిలువ... మార్కుల కార్డులో గీత!

ప్రార్థన ఎవరిష్టం వాళ్లది, ప్రభుత్వం మాత్రం అందరిదీ కావాలంటూ పోలండ్‌లో ఓ పార్టీ పుట్టింది. ఏడాది తిరక్కుండానే 40 సీట్లు గెలిచింది. నాలుగేళ్లకే కుప్పకూలింది. ఇప్పుడా పేరుతో అక్కడ పార్టీయే లేదు. కానీ అది అడిగిన ప్రశ్న మాత్రం బడి గంట మోగినప్పుడల్లా వినిపిస్తూనే ఉంది.

1998. పోలండ్‌లోని ఓ చిన్న పట్టణం. ఏడేళ్ల పిల్లాడు ఒకటో తరగతిలో చేరాడు. అమ్మానాన్నలు దేవుడున్నాడని గానీ లేడని గానీ గట్టిగా చెప్పని మనుషులు. మా అబ్బాయికి మతపాఠం వద్దు, దాని బదులు నీతిపాఠం చెప్పండి అని బడికి రాసిచ్చారు. నిబంధనల ప్రకారం అలా అడిగే హక్కు వాళ్లకుంది. కానీ నీతిపాఠం చెప్పడానికి టీచరు లేడు. ఒక్క పిల్లాడి కోసం టీచర్ని ఎక్కణ్నుంచి తెస్తాం అన్నారు.

మతపాఠం పీరియడు మొదట్లోనో చివర్లోనో ఉంటే ఇబ్బంది లేకపోయేది. అది రోజు మధ్యలో వచ్చేది. మిగతా పిల్లలంతా లోపల, వాడొక్కడూ వరండాలో... లేదంటే లైబ్రరీలో. పిల్లలు ఊరుకుంటారా? ఏడిపించారు, వేధించారు. బడి మార్చాల్సి వచ్చింది. కొత్త బడిలోనూ అదే తంతు. ఏడాది చివర మార్కుల కార్డు ఇంటికొచ్చింది. అన్ని సబ్జెక్టుల పక్కనా మార్కులున్నాయి. 'మతం/నీతి' అన్న చోట మాత్రం ఒక అడ్డగీత!

ఆ గీత చూస్తే చాలు, ఈ పిల్లాడు చర్చికి పోని ఇంటివాడని ఎవరికైనా తెలిసిపోతుంది. అమ్మానాన్నలు హెడ్మాస్టర్లకు రాశారు, విద్యాశాఖకు రాశారు. ఫలితం లేక స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం తలుపు తట్టారు. 2010 జూన్‌లో తీర్పు వచ్చింది. ఆ గీత వివక్షేనని కోర్టు తేల్చింది. అప్పటికి ఆ పిల్లాడికి మీసాలొచ్చేశాయి.

సరిగ్గా ఆ ఏడాదే పోలండ్‌లో ఓ కొత్త ఉద్యమం మొదలైంది. బడినీ గుడినీ వేరుచేయాలన్నది దాని డిమాండు. అక్కడి మాటల్లో చెప్పాలంటే, చర్చినీ రాజ్యాన్నీ!

ఆపదలో ఆదుకున్న గూడు

పోలండ్‌లో ఆ మాట అనడం ఎంత కష్టమో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1795 నుంచి 1918 దాకా ప్రపంచ పటంలో పోలండ్ అనే దేశమే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు మూడు ముక్కలు చేసి పంచుకున్నాయి. ఆ నూట ఇరవై మూడేళ్లూ భాషను, జ్ఞాపకాలను కాపాడిన చోట్లలో చర్చి ఒకటి. ఆ తర్వాత హిట్లర్ సైన్యం వచ్చింది, వేలమంది ఫాదర్లను నిర్బంధ శిబిరాలకు తోలింది. అదయ్యాక నలభై ఏళ్లకు పైగా కమ్యూనిస్టుల పాలన.

1978 అక్టోబరులో క్రాకవ్ ఆర్చిబిషప్ కరోల్ వోయ్తీవా రెండో జాన్‌పాల్ పేరుతో పోపు అయ్యారు. మరుసటి ఏడాది జూన్‌లో స్వదేశానికి వచ్చారు. ఆయన్ని చూడటానికి లక్షలాది జనం రోడ్ల మీదికొచ్చారు. మనం ఇంతమందిమి ఉన్నామా అని వాళ్లకే ఆశ్చర్యం వేసింది. 1980లో గ్డాన్‌స్క్ ఓడల కర్మాగారంలో సాలిడారిటీ యూనియన్ పుట్టినప్పుడు గేటుకు వేలాడింది పోపు ఫొటోనే. కార్మికులకు అండగా మాట్లాడిన ఫాదర్ యెర్జీ పొపియెవుష్కోను 1984 అక్టోబరులో రహస్య పోలీసులు చంపి, జలాశయంలో పడేశారు. సంతాప సభలు, మీటింగులు, రహస్య పత్రికలు... అన్నిటికీ చర్చి ఆవరణే దిక్కు. దేవుణ్ని నమ్మనివాళ్లు కూడా అక్కడే తలదాచుకున్నారు.

పైగా చర్చినీ రాజ్యాన్నీ వేరుచేశామని కమ్యూనిస్టులు 1952 రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఆచరణలో అది వేరుచేయడం కాదు, వేధించడం. దాంతో ఆ మాటకే మచ్చపడింది. 1997లో కొత్త రాజ్యాంగం రాసేటప్పుడు పెద్దలు ఆ పదం జోలికే పోలేదు. రాజ్యం, మతసంస్థలు దేని పరిధిలో అది స్వతంత్రంగా ఉంటూ పరస్పరం గౌరవించుకుంటాయని, మతవిశ్వాసాల విషయంలో ప్రభుత్వం నిష్పాక్షికంగా ఉంటుందని 25వ అధికరణంలో రాసి ఊరుకున్నారు.

అంత మేలు చేసిన చర్చి తన వాటా అడిగితే కాదనేదెవరు?

ఒక్కొక్కటిగా...

1989లో కమ్యూనిస్టు పాలన ముగింపుకొచ్చింది. 1990 సెప్టెంబరులో విద్యాసంవత్సరం మొదలయ్యేనాటికి మతపాఠం బళ్లలోకి వచ్చేసింది. పార్లమెంటులో చట్టం చేయలేదు, విద్యాశాఖ ఆదేశంతోనే పని జరిగిపోయింది. తర్వాత వారానికి రెండు పీరియడ్లు అయ్యాయి. పాఠం చెప్పేవాళ్లకు అనుమతి ఇచ్చేది బిషప్పు, జీతం ఇచ్చేది మాత్రం ప్రభుత్వం. 1993లో గర్భస్రావాలపై కఠినమైన చట్టం వచ్చింది. అదే ఏడాది జులైలో వాటికన్‌తో ఒప్పందం కుదిరింది. కమ్యూనిస్టులు లాక్కున్న ఆస్తులు చర్చికి తిరిగివ్వడానికి ఓ కమిషన్ వేశారు. అది 2011 దాకా పనిచేసింది. దాని నిర్ణయాలపై అప్పీలుకు వెళ్లే వీల్లేకపోవడం ఆ తర్వాత పెద్ద వివాదమైంది.

1997 అక్టోబరులో ఓ రాత్రి కొత్తగా ఎన్నికైన ఎంపీలు కొందరు 'సెయ్మ్'... అంటే పార్లమెంటు దిగువసభ హాల్లోకి వెళ్లారు. తలుపుపైన గోడకి ఓ చిన్న సిలువ తగిలించారు. తెల్లారి సభకు వచ్చినవాళ్లు చూశారు. ఓటింగు లేదు, తీర్మానం లేదు. తగిలించేటప్పుడు ఎవరూ అడగలేదు, తగిలించాక తీయమనడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

మరి వామపక్షాలు ఏం చేస్తున్నట్టు? 1993 నుంచి 97 దాకా, మళ్లీ 2001 నుంచి 2005 దాకా అధికారంలో ఉన్నది వాళ్లే. వాటికన్ ఒప్పందం ఆమోదాన్ని కొన్నేళ్లు సాగదీయగలిగారు, అంతే. 1998లో దానిమీద సంతకం చేసింది వామపక్షం నుంచి వచ్చిన అధ్యక్షుడు క్వాష్నియెవ్‌స్కీయే! 2003లో యూరోపియన్ యూనియన్‌లో చేరాలా వద్దా అన్న రిఫరెండం వచ్చింది. బిషప్పులు వద్దంటే జనం వద్దంటారేమోనన్న భయం. దాంతో చర్చికి నచ్చని హామీలన్నీ అటక ఎక్కాయి.

ఆ కోపంలోంచే 2002లో ఓ బుల్లి పార్టీ పుట్టింది. పేరు 'రాత్సియా'... వివేకం అని అర్థం. ఒకప్పటి కేథలిక్ ఫాదరు పెట్టిన 'ఫక్తి ఇ మితి' అనే వారపత్రిక చుట్టూ చేరినవాళ్లే దాని బలగం. వాటికన్ ఒప్పందం రద్దు చేయాలి, బళ్లలో మతపాఠం ఆపాలి, చర్చికి ఖజానా డబ్బు ఇవ్వకూడదు... ఇవీ వాళ్ల డిమాండ్లు. 2004లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో పోటీ చేస్తే ఒక శాతం ఓట్లు కూడా రాలేదు. రోడ్డు మీద కరపత్రం ఇస్తే తీసుకునేవాళ్లే కరవు.

వోడ్కా వ్యాపారి వచ్చాడు

2010 ఏప్రిల్ 10న రష్యాలోని స్మోలెన్‌స్క్ దగ్గర విమానం కూలి పోలండ్ అధ్యక్షుడు లెఖ్ కచిన్‌స్కీ, ఆయన భార్య సహా 96 మంది చనిపోయారు. దేశం దుఃఖంలో మునిగిపోయింది. వార్సాలో అధ్యక్ష భవనం ముందు స్కౌటు పిల్లలు ఓ చెక్క సిలువ నాటారు. సంతాప దినాలు ముగిశాక దాన్ని దగ్గర్లోని చర్చికి తరలించాలనుకున్నారు. కుదరదంటూ కొందరు దాని చుట్టూ కాపలా కూర్చున్నారు. ఆగస్టులో తరలించబోయిన ఫాదర్లు, పోలీసులు కూడా ఆ జనాన్ని దాటలేక వెనుదిరిగారు. కొద్దిరోజులకు వేలమంది కుర్రకారు అక్కడికే వచ్చి, ఇది దేశాధ్యక్షుడి ఇల్లు, చర్చి కాదంటూ నినాదాలు చేశారు. ఆ వేసవంతా టీవీల నిండా అదే గొడవ. చివరికి సెప్టెంబరులో సిలువ అక్కణ్నుంచి కదిలింది. కానీ చర్చి మీద కోపంగా ఉన్నవాళ్లు ఇంతమంది ఉన్నారా అని రాజకీయ నాయకులు ఉలిక్కిపడ్డారు.

ఆ గాలిని పసిగట్టినవాడు యానుష్ పలికోత్. చదివింది ఫిలాసఫీ, చేసింది వోడ్కా వ్యాపారం. అందులో కోట్లు గడించి, అధికారపక్షమైన సివిక్ ప్లాట్‌ఫామ్‌లో ఎంపీ అయ్యారు. విలేకరుల ముందుకు బొమ్మ తుపాకీతో వచ్చిన మనిషి. పొద్దున ఆయన ఏంచేసినా సాయంత్రం వార్తల్లో ఉండాల్సిందే. ఇంకో విచిత్రమేమంటే, అంతకు కొన్నేళ్ల ముందు సంప్రదాయ భావాలున్న ఓ వారపత్రికకు పెట్టుబడి పెట్టిందీ ఆయనే!

2010 అక్టోబరులో వార్సాలో భారీ సభ పెట్టారు. సొంత పార్టీని వదిలేశారు. 'పలికోత్ ఉద్యమం' పేరుతో బరిలోకి దిగారు. బళ్లలోంచి మతపాఠం పోవాలి, చర్చికి ప్రభుత్వ సొమ్ము ఆపాలి, గర్భస్రావ చట్టం సడలించాలి, స్వలింగ జంటలకు గుర్తింపు ఇవ్వాలి... ఇలా ఎవరూ పైకి అనని మాటలన్నీ ఆయన మైకులో అనేశారు. రాత్సియా వాళ్లు కూడా ఆ జెండా కిందికే చేరారు.

2011 అక్టోబరు 9న ఓట్ల లెక్క తేలింది. 10.02 శాతం. 14 లక్షల 39 వేల ఓట్లు. 460 సీట్లలో 40. దేశంలో మూడో పెద్ద పార్టీ! అందులో ఎక్కువగా ఓటేసింది కుర్రవాళ్లు. 'ఫక్తి ఇ మితి' పెట్టిన మాజీ ఫాదర్ కూడా ఎంపీ అయిపోయారు. తాను స్వలింగ సంపర్కుడినని బాహాటంగా చెప్పిన రోబెర్ట్ బియెద్రోన్, లింగమార్పిడి చేయించుకున్న అన్నా గ్రోద్జ్కా... ఇద్దరూ ఆ సభలో తమ తరహాలో మొదటివాళ్లు. నిన్నటిదాకా జనం గుసగుసగా మాట్లాడుకున్న మనుషులు ఇవాళ 'గౌరవ సభ్యులు'.

తలుపు మీద సిలువ

సభలో అడుగుపెట్టగానే వాళ్లు చేసిన మొదటి పని... ఆ తలుపు మీది సిలువ తీయమని కోరడం. స్పీకరు న్యాయనిపుణుల అభిప్రాయం అడిగారు. తీసేయడానికి చట్టపరమైన కారణం కనిపించలేదని వాళ్లు చెప్పారు. ఎంపీలు కోర్టుకెళ్లారు. సిలువ కనిపించినంత మాత్రాన మీ హక్కులకు భంగం కలగలేదంటూ 2013లో కోర్టులు కేసు కొట్టేశాయి. సిలువ అక్కడే ఉండిపోయింది.

చర్చి నిధి సంగతీ అంతే. 1950లో చర్చి భూములు లాక్కున్న కమ్యూనిస్టు ప్రభుత్వం, దానికి బదులన్నట్టు ఓ నిధి పెట్టింది. ఇప్పుడు అందులోంచి ప్రధానంగా ఫాదర్లు, సన్యాసినుల సామాజిక బీమా చందాలు కడతారు. భూములు చాలావరకూ తిరిగిచ్చేశాక ఇంకా నిధి ఎందుకని పలికోత్ పార్టీ నిలదీసింది. ప్రభుత్వానికీ ఆ మాట సబబుగానే తోచింది. నిధి తీసేసి, ఇష్టమున్నవాళ్లు తమ ఆదాయపు పన్నులో అర శాతం తమ మతసంస్థకు ఇచ్చుకునేలా మారుద్దామని 2013లో బిషప్పులతో మాట్లాడుకున్నారు. అది చట్టం మాత్రం కాలేదు. నిధి కొనసాగింది. 2024లో దానికి కేటాయింపు పాతిక కోట్ల జ్లోటీలు దాటింది.

బయటి గోడలు కదల్లేదు సరే, సొంత ఇల్లు బీటలు వారింది. 2012లో పదవీ విరమణ వయసును 67కు పెంచే బిల్లుకు పలికోత్ పార్టీ ప్రభుత్వంతో కలిసి ఓటేసింది. ఇదేం వామపక్షమని కార్మికులు మొహం తిప్పుకున్నారు. 2013 ఫిబ్రవరిలో, మహిళా హక్కుల కోసం ఏళ్ల తరబడి పోరాడిన డిప్యూటీ స్పీకరు వాండా నొవిత్స్కాను పదవిలోంచి దించాలని పలికోత్ పట్టుబట్టారు. ఆమె దిగనన్నారు, సభ కూడా ఆమె పక్షానే నిలిచింది. ఆ గొడవలో పలికోత్ నోరుజారి అన్న మాటలు ఆడవాళ్లలో ఆయన పరువు తీశాయి. ఎంపీలు ఒక్కొక్కరే జారుకున్నారు. 2013 అక్టోబరులో పార్టీ పేరును 'త్వుయ్ రుఖ్'... అంటే 'నీ ఉద్యమం' అని మార్చారు. అప్పటికే ఆలస్యమైంది. 2014లో యూరోపియన్ ఎన్నికల్లో 3.58 శాతం. 2015లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన పలికోత్‌కు 1.42 శాతం!

సిద్ధాంతం జనానికి నచ్చింది. దాన్ని మోసే మనిషి మీదే నమ్మకం పోయింది.

అర శాతం దూరంలో...

ఆ దశలో ముందుకొచ్చారు బార్బరా నొవాత్స్కా. అప్పటికి నలభై ఏళ్లు. తల్లి ఇజబేలా యరూగా నొవాత్స్కా పేరున్న వామపక్ష నాయకురాలు, ఉప ప్రధానిగా చేశారు. స్మోలెన్‌స్క్ విమానంలో చనిపోయిన 96 మందిలో ఆమె ఒకరు. 2015లో కూతురు 'నీ ఉద్యమం'కు సహాధ్యక్షురాలయ్యారు. పాత వామపక్షం, గ్రీన్స్, సోషలిస్టులు, పలికోత్ మనుషులు... అందరినీ కలిపి 'ఐక్య వామపక్షం' కూటమిగా కట్టి ఎన్నికలకు వెళ్లారు.

పోలండ్‌లో ఓ లెక్కుంది. ఒంటరి పార్టీకి దేశవ్యాప్తంగా 5 శాతం ఓట్లు వస్తే చాలు, సెయ్మ్‌లోకి రావచ్చు. కూటమికైతే 8 శాతం రావాలి. 2015 అక్టోబరు 25న ఐక్య వామపక్షానికి వచ్చింది 7.55 శాతం! పదకొండున్నర లక్షల ఓట్లు బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. మరో డెబ్భై, ఎనభై వేల ఓట్లు పడుంటే కథ వేరే ఉండేది. విడిగా పోటీ చేసిన ఇంకో వామపక్ష పార్టీ 'రాజెమ్' 3.62 శాతం దగ్గర ఆగిపోయింది. 1989 తర్వాత మొదటిసారి సెయ్మ్‌లో ఒక్క వామపక్ష ఎంపీ కూడా లేడు. ఆ ఓట్లు లెక్కలోంచి పోవడంతో, 37.58 శాతం వచ్చిన 'లా అండ్ జస్టిస్' పార్టీ 235 సీట్లతో ఒంటరిగానే గద్దెనెక్కింది. బిషప్పులకు ఎంతో దగ్గరైన పార్టీ అది.

చర్చినీ రాజ్యాన్నీ విడదీయాలని బయల్దేరినవాళ్ల ఓటమే, ఆ రెంటినీ మరింత దగ్గర చేసింది. రాజకీయం ఎంత చిత్రమైందో!

గొడుగుల సోమవారం

తర్వాతి అధ్యాయం వీధుల్లో నడిచింది. 2016లో గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించే బిల్లు సభకొచ్చింది. దానికి పోటీగా, చట్టాన్ని సడలించాలంటూ నొవాత్స్కా బృందం సంతకాలు సేకరించి ఇంకో బిల్లు తెచ్చింది. సెప్టెంబరు 23న సభ రెండో బిల్లును తిప్పికొట్టి, మొదటిదాన్ని ముందుకు పంపింది. అక్టోబరు 3, సోమవారం... వాన పడుతోంది. నల్ల బట్టలతో, గొడుగులతో ఊరూరా ఆడవాళ్లు రోడ్డెక్కారు. మూడు రోజులకే సభ ఆ బిల్లును వదిలేసింది.

2020 అక్టోబరు 22న అదే పని రాజ్యాంగ ట్రైబ్యునల్ చేసింది. పిండానికి తీవ్రమైన లోపాలున్నా సరే, గర్భస్రావం కుదరదని తీర్పిచ్చింది. కరోనా రోజులైనా జనం ఆగలేదు. ఈసారి కోపం ప్రభుత్వం మీదే కాదు, చర్చి మీదికీ మళ్లింది. ఆదివారం ప్రార్థనల మధ్యలో ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. ఆ నవంబరులో ఎంపీ గుర్తింపు కార్డు చూపిస్తున్న నొవాత్స్కా ముఖంపైనే ఓ పోలీసు పెప్పర్ స్ప్రే కొట్టాడు.

ఈలోపు చర్చి ప్రతిష్ఠను చర్చి లోపలి వ్యవహారాలే దెబ్బతీశాయి. 2018లో ఫాదర్ల చీకటి కోణాలు చూపించిన 'క్లెర్' సినిమాను 50 లక్షలమందికి పైగా చూశారు. మరుసటి ఏడాది, పిల్లలపై ఫాదర్ల లైంగిక దాడుల గురించి సెకియెల్‌స్కీ సోదరులు తీసిన డాక్యుమెంటరీ యూట్యూబ్‌లో సంచలనమైంది. 2011 జనాభా లెక్కల్లో సుమారు 88 శాతం మంది కేథలిక్కులమన్నారు. 2021 లెక్కల్లో అది 71.3 శాతానికి పడింది. అయిదోవంతు మంది ఆ గడిని ఖాళీగా వదిలేశారు. ఆదివారం పూజకు వెళ్లేవాళ్లు 1990లో నూటికి యాభై మంది, 2021లో చర్చి సంస్థ లెక్క ప్రకారమే 28 మంది. ఇన్నేళ్లూ పార్టీలు చేయలేని పని తరం మారడంతో జరిగిపోయింది.

మళ్లీ అదే పీరియడు

2023 అక్టోబరు ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. డిసెంబరులో డొనాల్డ్ టస్క్ మంత్రివర్గం కొలువుదీరింది. అందులో విద్యాశాఖ మంత్రి ఎవరో తెలుసా? బార్బరా నొవాత్స్కా! 2015లో అర శాతం తేడాతో గడప బయటే ఆగిపోయిన ఆమె, ఈసారి సివిక్ కూటమి తరఫున గెలిచి వచ్చారు.

2024 సెప్టెంబరు నుంచి మతపాఠం మార్కుల్ని సగటులో కలపడం ఆపేశారు. 2025 సెప్టెంబరు నుంచి వారానికి రెండు పీరియడ్లను ఒకటి చేశారు. అదీ రోజులో మొదటో చివరో ఉండాలి. ఎందుకంటే మధ్యలో ఉంటే, వద్దన్న పిల్లలు వరండాలో నిలబడాలి కదా!

చర్చి గట్టిగానే అభ్యంతరం చెప్పింది. మాతో ఒప్పుకోలు లేకుండా ఎలా మారుస్తారని బిషప్పులు అడిగారు. వేలమంది మతపాఠం టీచర్ల ఉద్యోగాల మాటేమిటన్నారు. అందులో చాలామంది మామూలు సంసారులే, ఆ జీతం మీద ఇల్లు నడిపేవాళ్లే. పిల్లలకు తమ విశ్వాసం నేర్పించుకోవడం తల్లిదండ్రుల హక్కని, అదీ రాజ్యాంగంలో రాసుందని గుర్తుచేశారు. ఆ వాదనను తీసిపారేయలేం. కమ్యూనిస్టుల కాలంలో బళ్లలో దేవుడి పేరెత్తనివ్వని రోజులు చూసిన తాతలు, నాన్నమ్మలు ఇంకా ఉన్నారక్కడ. మనవడి బడిలో పీరియడు తగ్గిందంటే వాళ్లకు ఆ రోజులే గుర్తొస్తాయి. 2025 జులైలో రాజ్యాంగ ట్రైబ్యునల్ ఈ మార్పు చెల్లదంది. ఆ ట్రైబ్యునల్ కూర్పే చట్టబద్ధం కాదంటూ ప్రభుత్వం ముందుకెళ్లింది.

ఎవరెక్కడ?

పలికోత్ మళ్లీ మద్యం వ్యాపారంలోకి వెళ్లారు. మదుపుదారుల్ని మోసం చేశారన్న ఆరోపణలపై 2024 అక్టోబరులో అరెస్టయ్యారు, మరుసటి ఏడాది జనవరిలో బెయిలు మీద బయటికొచ్చారు. తాను తప్పు చేయలేదన్నది ఆయన వాదన. బియెద్రోన్ స్వూప్‌స్క్ అనే ఊరికి మేయరయ్యారు. 2019లో 'వియోస్నా'... అంటే 'వసంతం' పేరుతో పార్టీ పెట్టి, చర్చి-రాజ్యం విడిపోవాలన్న నినాదాన్ని మళ్లీ ఎత్తుకున్నారు. ఆ మేలో 6.06 శాతం ఓట్లతో యూరోపియన్ పార్లమెంటుకు వెళ్లారు. ఆ పార్టీ 2021లో పాత వామపక్షంలో కలిసిపోయి 'కొత్త వామపక్షం' అయింది. 2023లో 8.61 శాతంతో ఆ వామపక్షం ప్రభుత్వంలో భాగస్వామి అయింది. దాని నాయకుడు వ్వోజిమియెజ్ చజాస్తీ 2025 నవంబరులో సెయ్మ్ స్పీకరయ్యారు. వాటికన్ ఒప్పందం అలాగే ఉంది. గర్భస్రావ చట్టం మార్పు 2024 జులైలో సభలోనే వీగిపోయింది. ఇక రాత్సియా, 'నీ ఉద్యమం'... రెండూ చరిత్రలో కలిసిపోయాయి.

అక్కడ అలా... ఇక్కడ ఇలా

* అమెరికా: ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతంగా నిలబెట్టకూడదని 1791లో చేసిన మొదటి రాజ్యాంగ సవరణ చెబుతోంది.

* ఫ్రాన్స్: 1905 డిసెంబరు 9 చట్టంతో చర్చినీ రాజ్యాన్నీ వేరుచేశారు. సోషలిస్టు ఎంపీ అరిస్టీడ్ బ్రియాండ్ దాన్ని సభలో నడిపించారు. ప్రభుత్వ బళ్లలో మతపాఠం ఉండదు. అప్పట్లో జర్మనీ చేతిలో ఉన్న అల్సాస్-మోసెల్ ప్రాంతానికి మాత్రం ఇప్పటికీ మినహాయింపు.

* మన దేశం: పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఒక మతాన్ని పెంచడానికి పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని 27వ అధికరణం అంటోంది. అదే సమయంలో గుళ్ల నిర్వహణను దేవాదాయ శాఖ చూస్తుంది. అంటే మనది పూర్తిగా వేరుచేసిన పద్ధతి కాదు, అన్నిటికీ సమదూరం పాటించాలన్న పద్ధతి.

ఆ గీత ఏమైంది?

స్ట్రాస్‌బర్గ్ తీర్పు వచ్చిన నాలుగేళ్లకు, 2014లో పోలండ్ నిబంధనలు మారాయి. బడిలో ఒక్క విద్యార్థి అడిగినా సరే, నీతిపాఠం ఏర్పాటు చేయాలన్నారు. ఏడేళ్ల పిల్లాడి కోసం 1998లో ఓ అమ్మా నాన్నా రాసిచ్చిన కాగితం పదహారేళ్లకు నిబంధన అయింది. ఇందులో ఏ పార్టీ గొప్పా లేదు. పార్టీలు వచ్చాయి, అరిచాయి, తమలో తాము పోట్లాడుకుని పోయాయి. కానీ అవి అరవకపోతే, వరండాలో ఓ పిల్లాడు నిలబడ్డాడన్న సంగతి ఎంతమంది పట్టించుకునేవారు?

వార్సాలో సభ జరిగే హాల్లో, తలుపు మీద ఆ చిన్న సిలువ ఉంది. స్పీకరు కుర్చీలో ఇప్పుడు వామపక్షం మనిషి. ఆయన సభలో దాన్ని అలాగే ఉంచారు. తీసేయడం కన్నా, దానికింద కూర్చునే 460 మందీ నమ్మేవాణ్నీ నమ్మనివాణ్నీ ఒకేలా చూడటం ముఖ్యమనేవాళ్లు కొందరు. అది గోడ మీద ఉన్నంతకాలం అలా చూడటం కుదరదనేవాళ్లు ఇంకొందరు. ఆ వాదన తెగేదాకా ఏమోగానీ... బళ్లో మాత్రం గంట కొట్టాక ఇప్పుడు ఎవరూ వరండాలో నిలబడాల్సిన పనిలేకుండా టైంటేబుల్ వేస్తున్నారు.